విప్పని ముడుపు

పాలు కలిపిన నీళ్ళలోంచి చూస్తున్నట్టుంది లోకం. కుడి కంటి మీద దూది, దూది మీద ఆకుపచ్చ గుడ్డ. ఎడమ కంట్లో ఇంకా తీయని శుక్లం. భోపాల్‌పట్నం పోస్టాఫీసులో గోడవార బల్ల మీద కూర్చుని ముడుపును ఒళ్ళో పెట్టుకున్నాను, గూట్లోంచి పడిన పిట్టపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులూ కప్పి. ఎదురుగా కిటికీ ఒక తెల్లటి పలక. దాని అవతల ఎర్రగా ఏదో ఊగుతోంది, పూసిన మోదుగో, ఎవరో ఆరేసిన చీరో. ఏదైనా బాగానే ఉంది. సరిగ్గా కనిపించని రోజుల్లో ఇదొక సుఖం, ఎరుపు వట్టి ఎరుపుగానే ఉంటుంది, ఫలానాది కావాలని పట్టుబట్టదు. "బీజాపూర్ బస్సు వచ్చేదాకా టైముందండి మాస్టారూ, టపా సంచీ అప్పుడే కడతాను, ఈలోగా ఆలోచించుకోండి" అని కౌంటరు వెనక నుంచి సంతోషకుమారి చెప్పి కాసేపైంది. ఆలోచించవలసింది ఒక్కటే. ఈ ముడుపులో ఎంత డబ్బుందో నేను చెప్పాలి. చెబితే ఆ అంకె రాసుకుని, ఇన్సూరు చేసి, ఇవాళే కొత్తగూడెంలో ఉన్న మా అమ్మాయి శిరీషకు పంపుతుంది. ఎంతుందో తెలియాలంటే విప్పాలి. విప్పితే అది ముడుపు కాదు, పసుపు గుడ్డలో కొంత చిల్లర.

కట్టింది నా భార్య కృష్ణకుమారి. శిరీషకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి ఆ కబురు ఫోనులో విన్న సాయంత్రం ఈవిడ ఏడవలేదు, పెట్టెలోంచి కొత్త తెల్లగుడ్డ తీసి పసుపునీళ్ళలో ముంచి దొడ్లో రాతిగోడ మీద ఆరేసింది. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు గులకరాళ్ళు పెట్టింది. నేను పక్కన నిలబడి ఆ రాళ్ళనే చూశాను, ఎంత ఒద్దికగా కూర్చున్నాయో అనుకున్నాను. దుఃఖం వచ్చిన ఇంట్లో మనసు ఇలాంటివాటికే వెళ్ళి అతుక్కుంటుంది ఎందుకో. గుడ్డ ఆరాక దీపం ముందు కూర్చుని, నా వైపు వీపు పెట్టి, అందులో ఏదో పెట్టి ముడి వేసింది. గోదావరి ఒడ్డున తన పుట్టింటి ఊళ్ళో ముత్యాలమ్మకు మొక్కింది. బిడ్డ నిలిస్తే పుట్టువెంట్రుకలు నీ దగ్గరే తీయిస్తాం తల్లీ అని. ఆ తర్వాత ఎప్పుడు మనసు చెదిరినా అదే గుడ్డ కొసను మరో ముడి వేసేది. పాతది విప్పేది కాదు. ముడి మీద ముడి పడి అది అల్లం కొమ్ములా పెరిగింది. దేవుడి మూల మేకుకు వేలాడుతూ ఉండేది. నేను అటుగా వెళితే తలకు తగిలేది. "చూస్కో సారూ, అమ్మవారు మొట్టికాయ వేస్తున్నది" అని నవ్వేది. పెళ్ళయిన కొత్తలో వేళాకోళానికి సారూ అని పిలవడం మొదలుపెట్టింది, నేను బడిపంతుల్ని కదా అని. ఆ వేళాకోళం చివరిదాకా పాతబడలేదు.

బిడ్డ నిలిచింది. వైశాఖంలో పుట్టింది. కృష్ణకుమారి వెళ్ళి పురుడు చూసి, మనవరాలికి నలుగు పెట్టి, నీళ్ళు పోసి, ఆషాఢంలో తిరిగి వచ్చింది. వచ్చిన రోజు తన చేతులు వాసన చూడమంది. పసిపిల్ల నూనె వాసన. కార్తీకంలో జ్వరం వచ్చింది. కొన్ని రోజులే. జ్వరంలో కూడా మేకు వైపే చూపించి, "విప్పొద్దు సారూ, అమ్మాయి చేత్తో అమ్మవారి ముందే విప్పియ్యి" అంది. నేను సరే అన్నాను. ఆ సరే ఇప్పుడు నా ఒళ్ళో ఉంది. పిల్లకు పదకొండో నెల. హోళీ పున్నమికి పుట్టువెంట్రుకలు. ఆ నెల దాటితే మళ్ళీ మూడో ఏడు దాకా ఆగాలట. ఆమె పోయి ఏడాది తిరిగేదాకా నేను గుడిమెట్టు ఎక్కకూడదు. అయినా అమ్మాయి ఇంటిదాకా వెళ్ళి చేతికిచ్చి వాకిట్లోనే కూర్చోవచ్చు అనుకున్నాను. ఈలోగా కన్ను పూర్తిగా మూసుకుపోయే స్థితికొచ్చింది. జగదల్‌పూర్‌లో ఆపరేషన్ చేసిన డాక్టరు, చిన్నవాడు, నా గడ్డం కింద వేలు పెట్టి తల పైకెత్తి, "బాబూజీ, నెల రోజులు బస్సు లేదు, దుమ్ము లేదు, వంగడం లేదు" అని, చంటిపిల్లవాడికి చెప్పినట్టు మళ్ళీ చెప్పాడు. ఎవరైనా నా గడ్డం పట్టుకుని మాట్లాడి ఎన్నేళ్ళయిందో. ఆపరేషన్ కన్నా అదే ఎక్కువ గుర్తుంది.

కౌంటరు దగ్గర ఎవరో హిందీలో పింఛను అడుగుతున్నారు, ఇంకెవరో హల్బీలో గొణుగుతున్నారు. స్టాంపు పడుతున్న చప్పుడు, టప్ టప్, మా పక్కింట్లో రామనర్సయ్య భార్య మిరపకాయలు దంచినట్టే. రామనర్సయ్య గుర్తొస్తే నవ్వొస్తుంది. అతనికి సొంత బండి ఉంది, మిర్చి బస్తాలు వేసుకుని గోదావరి దాటి వరంగల్ పోతుంటాడు. మొన్న నేను ముడుపు మాట ఎత్తగానే, "ఏంది మామా, ఇంత దానికి పోస్టెందుకు? నా బండి పోతనే ఉన్నది గద" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. మరునిమిషమే, "గాని ఒక్కసారి విప్పి లెక్క చూపియ్యి" అన్నాడు.

"విప్పకూడదు నర్సయ్యా. ఆమె మాట అది."

"విప్పకుంట నేనెట్ల కొంటవోవాలె? రేపు శిరీష తక్కువున్నదంటే నా మొఖం యాడ వెట్టుకోవాలె?"

"శిరీష అట్లా అనదు."

"అనది. మనసుల అనుకుంటది. మనసుల అనుకున్నదానికి రసీదు ఉండది మామా."

కోపం రాలేదు. నిజానికి అతని మాటలో ఎంత మర్యాద ఉందో. చేతి మీద పంపే డబ్బుకు ఈ ప్రాంతంలో ఉన్న కట్టుబాటు అది. ఇచ్చేవాడు లెక్కపెట్టి ఇవ్వాలి, తీసుకునేవాడు లెక్కపెట్టుకుని తీసుకోవాలి. లెక్క తెలియని డబ్బును ముట్టుకున్నవాడు మంచివాడైనా సరే, ముట్టుకున్నందుకే సగం దొంగ. శిరీష కూడా ఫోనులో, "ఎందుకు నాన్నా అంత తిప్పలు? ఎంతుంటే అంత ఫోన్‌పే చెయ్యి, నేనిక్కడ పసుపు గుడ్డలో కట్టుకుంటా" అంది. తర్వాత ఫోనులో చాలాసేపు ఫ్యాను చప్పుడు. "వద్దు నాన్నా. అదే పంపు. అమ్మ కట్టిందే పంపు" అంది, ముక్కు ఎగబీలుస్తూ. వెనకనుంచి అల్లుడు దుర్గేశ్ పిల్లను ఆడిస్తున్న మాటలు వినిపించాయి. భద్రంగా పంపే దారులన్నీ ముందు అంకె అడుగుతున్నాయి. అంకె లేనిదాన్ని భద్రంగా పంపే దారి ఎవరూ కనిపెట్టినట్టు లేరు.

మా నాన్న ఒక దారి కనిపెట్టాడు. కనిపెట్టలేదు, ఆ రోజుల్లో వ్యాపారస్తులంతా చేసేదేనట. నాన్న పేరు కాశయ్య, ఇదే ఊళ్ళో ఉప్పు, నూలు అమ్మేవాడు. జగదల్‌పూర్ షావుకారుకు డబ్బు పంపాలంటే పెద్ద నోటును కత్తెరతో నిలువునా రెండుగా కోసేవాడు. నేను అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండేవాణ్ణి, కత్తెర కరకరలాడుతూ నోటు మధ్యలోంచి నడిచేది. ఒక సగాన్ని కవరులో పెట్టి పంపేవాడు. అది చేరిందని జాబు వచ్చాకే రెండో సగాన్ని పంపేవాడు. దారిలో ఎవడు కాజేసినా వాడి చేతికి దక్కేది కాగితం ముక్కే. జాబు వచ్చేదాకా రెండో సగం దేవుడి పటం వెనక ఉండేది. నేను స్టూలెక్కి తీసి చూసేవాణ్ణి. సగం అంకె, సగం బొమ్మ. దానితో అంగట్లో ఒక్క పిప్పరమెంటు కూడా రాదు. ఐనా నాన్న దాన్ని నిండు నోటు కన్నా ఎక్కువ జాగ్రత్తగా చూసేవాడు. "ఇన్ని రోజులు ఈ సగం ఏం చేస్తది నాన్నా?" అని అడిగాను ఒకసారి. తక్కెడ తుడుచుకుంటూ, "ఎదురుచూస్తది" అన్నాడు. కార్తీకం నుంచీ పొద్దున్నే లేచి ఒకటే గ్లాసు కడిగి, ఒక్కడికే టీ పెట్టుకుని వాకిట్లో కూర్చున్నప్పుడల్లా ఆ మాట వినిపిస్తుంది. ఎక్కడనుంచో జాబు వస్తుందన్నట్టు కూర్చుంటాను.

నేను మాత్రం నాన్న అంత తెలివైనవాణ్ణి కాదు. నన్ను పామేడు బడికి వేసిన కొత్తలో కృష్ణకుమారి కాన్పుకని చర్ల వైపు పుట్టింటికి వెళ్ళింది. ఖర్చులకు డబ్బు పంపాలి. అక్కడ బ్యాంకు లేదు, దారీ లేదు, వానలు మొదలయ్యాయి. వారపత్రిక ఒకటి తీసుకుని, దాని నడిమి పేజీల్లో నోట్లు పరిచి, వెలుతురుకు పట్టి చూసినా కనబడకుండా రెండు వైపులా కార్బన్ పేపరు పెట్టి, చుట్టి, మామూలు టపాలో వేశాను. మా టపా మోసే భీమాకు అది చేతికిచ్చేటప్పుడు నా ముఖం చూసే కనిపెట్టాడు. "అండ్ల పైసలున్నయా సారూ? తప్పు. పోతే నిన్ను నేనడుగ, నన్ను నువ్వడుగుతవు. సీలేసి, ఇన్సూరు చేసి పంపాలె" అని చీవాట్లు పెట్టి, ఐనా తీసుకుని, తలమీద గొంగడి కప్పుకుని, ఆ పత్రికను వానకు తడవకుండా చొక్కా లోపల పొట్టకు ఆనించి పెట్టుకుని వెళ్ళాడు. చేరింది. చేరిందని నాకు ఎలా తెలిసిందంటే, పిల్లను ఎత్తుకుని ఈవిడ తిరిగొచ్చినప్పుడు పిల్ల తెల్ల టోపీకి కార్బను మరక ఉంది. "నువ్వు పంపిన పైసలకు సిరా కారింది సారూ, లెక్కపెట్టిన చేతులతో పిల్లనెత్తుకుంటే ఉతికినా పోలే" అంది. ఆ టోపీ చాలా ఏళ్ళు దాచింది. అదే ఆ పిల్ల, శిరీష. ఇప్పుడు దాని పిల్లకు పుట్టువెంట్రుకలు.

"తాతా, నీ కన్నుకేమాయె?" పక్కన ఎవరో కూర్చున్నారు. బుట్ట కింద పెట్టిన చప్పుడు, ఇప్పపువ్వు వాసన, దాని కింద అడవి వాసన ఇంకేదో. ఇవాళ వారపు అంగడి. మాట తీరుబట్టి దోర్ల తెగ మనిషి. తెల్లగా కదిలింది తల. పేరడిగితే సన్నే అంది, కొత్తగా తెరిచిన పింఛను ఖాతాకు వేలిముద్ర వేయడానికి వచ్చిందట, యంత్రం తన వేలిని గుర్తుపట్టడం లేదట. "లక్క గీకి గీకి ఏలు అరిగింది, మిషను నన్ను ఎరగనంటాంది" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నా ఒళ్ళో ఉన్నదాన్ని చూసి ఒక్కసారి నవ్వు ఆపి, కూర్చున్నచోటు నుంచి కొంచెం ఎడంగా జరిగింది, తన చీర చెంగు దానికి తగలకుండా. ఏమిటని అడగలేదు. పసుపు గుడ్డ ముడి ఏమిటో ఈ నేల మీద ఎవరికీ చెప్పనక్కరలేదు.

"మాస్టారూ, చుక్కల మందు వేసుకునే వేళ కాలేదేటండీ?" కౌంటరు వెనక కుర్చీ జరిగింది. సంతోషకుమారి ఈ పక్కకు వచ్చింది. ఆమెది ఈ ఊరు కాదు. వాళ్ళ తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి కిరందుల్ లైనులో స్థిరపడ్డ రైల్వే కుటుంబం, తండ్రి యేసుపాదం పట్టాల మీద గ్యాంగుమనిషిగా చేసి రిటైరయ్యాడు. "ఇలాగివ్వండి సీసా. మా నాన్నకి రెండు కళ్ళకీ నేనే వేసీదాన్ని. తల ఎనక్కి వాల్చండి." ఇంట్లో నేను వేసుకుంటే మందు కంట్లో తప్ప అంతటా పడుతుంది, చెంప మీదికి కారి చొక్కా తడుస్తుంది. ఆమె దూది పక్కకు తీసి, చల్లటి వేలితో రెప్ప కిందికి లాగి, ఒక్క చుక్క వేసింది. సరిగ్గా పడింది. దీనికి ఏ బిరుదూ ఇవ్వరు ఎవరూ. "ఇప్పుడు రెండు కళ్ళూ మూసుకోండి. నేను చెప్పీదాకా తెరవద్దు" అని దూది మళ్ళీ సర్ది, వెళ్ళబోతూ ఆగింది. "మా ఇంట్లోన కూడా కానుక కవరుంటాదండి. అమ్మ నెలనెలా చర్చికి వేసీది. అంటించాక ఎంతుందో మా నాన్న కూడా అడగకూడదు. అందుకే మిమ్మల్ని విప్పమని నేను అన్లేదు. కానీ కాగితానికి అంకె కావాలి కదండీ. అబద్ధం రాస్తే నా ఉద్యోగం, రాయకపోతే మీ మూట. మీరే చెప్పాలి."

చీకటి. మందు కంట్లో చల్లగా పాకుతోంది, నది ఇసకలోకి ఇంకినట్టు. ఇంద్రావతి ఎండాకాలం అలాగే ఉంటుంది, నీళ్ళెక్కడ ఆగి ఇసక ఎక్కడ మొదలవుతుందో తెలియదు. ఈ మూట ఇక్కడనుంచి గోదావరి దాటి దక్షిణానికి పోతే పూటలో కొత్తగూడెం చేరుతుంది. టపా దారి అది కాదట. ముందు తూర్పుకు బీజాపూర్, అక్కడనుంచి జగదల్‌పూర్, అక్కడనుంచి ఇంకా పైకి, ఏ ఊరికో తెలియని సంచుల గుట్టల మధ్య ఒక రాత్రి పడుకుని, మళ్ళీ రైలెక్కి కిందికి. పెళ్ళయ్యాక కృష్ణకుమారి ఒక్కసారే రైలెక్కింది. కిటికీ పక్కన కూర్చుని, కనబడిన ప్రతి స్టేషను పేరూ పైకి చదివింది, చిన్నపిల్లలా, ఒక్కటి కూడా వదలకుండా. ఇప్పుడు ఆమె ముళ్ళు రైలెక్కుతాయి. వాటికి స్టేషను పేర్లు ఎవరు చదువుతారు.

కళ్ళు మూసుకుంటే వేళ్ళు తెరుచుకుంటాయి కాబోలు. ఇన్నాళ్ళూ నేను ఈ ముడుపును చేతితో ముట్టలేదు. తలకు తగలడమే తప్ప. ఆమె పోయాక దేవుడి మూలకే వెళ్ళలేదు, ఇవాళ పొద్దున రామనర్సయ్య భార్య దీపం పెట్టి మేకు మీదనుంచి తీసి చేతికిచ్చింది. దిండు గలీబు కోసి వంకర కుట్లతో కుట్టిన, మూతి ఇంకా కుట్టని చిన్న సంచిలో వేసుకుని తిన్నగా ఇక్కడికి వచ్చాను. ఇప్పుడు బొటనవేలు తనంతట తను లోపలికి వెళ్ళి నడుస్తోంది. ఇది నడుమ ఉన్న పెద్ద ముడి, మొదటిది, రాయిలా ఉంది. నాణేలు, మెత్తగా మడిచిన కాగితం. ఇది తర్వాతది. నాణెం. ఇక్కడ గుడ్డ పలచబడింది, పసుపు పొడి రాలుతోంది. ఇది కొసన ఉన్నది, చిన్నది, వదులుగా వేసింది, చేతిలో సత్తువ లేనప్పుడు వేసిన ముడి. జ్వరం మొదలైన రోజుల్లో అయి ఉండాలి, అంతకు ముందు ఆమె ముడి వేస్తే నేను విప్పలేకపోయేవాణ్ణి. ఇందులో నాణెం లేదు. పలచగా ఏదో రేకు. వేలి కింద వంగుతోంది. ఊయలేమో, బిడ్డ పుట్టినందుకు వెండి ఊయల వేస్తారు కదా అనుకున్నాను. ఊయల కాదు. బాదంగింజ ఆకారం. మధ్యలో గుండ్రంగా ఉబ్బు. దాని పక్కన అలాంటిదే ఇంకొకటి. రెండు.

కళ్ళు. జాతరలో గుడి ముందు తట్టల్లో పెట్టి అమ్ముతారు, చేతులు, కాళ్ళు, ఊయలలు, కళ్ళు. ఎవరికి ఏది బాగుపడాలో అది కొని అమ్మవారికి ఇస్తారు. మనవరాలి కళ్ళు కాటుక పెట్టిన తుమ్మెదలు. అమ్మాయివి బాగున్నాయి, అల్లుడివి బాగున్నాయి. మా ఇంట్లో చూపు తగ్గినవాణ్ణి నేనొక్కణ్ణే. కానీ నేను ఎవరికీ చెప్పలేదే. నాకే సరిగా తెలియదు అప్పటికి. దీపం మసి పట్టిందనుకున్నాను, కళ్ళజోడు పాతబడిందనుకున్నాను. పోయిన వానాకాలం మా వాకిలి మెట్ల అంచుల మీద ఆమె సున్నంతో తెల్లటి గీతలు గీసింది. ప్రతి మెట్టుకూ. ఇదేం ముగ్గు కొత్తగా అని అడిగాను. "ఫ్యాషను సారూ, నీకేం తెలుసు" అంది. వానకు చెరిగిపోతే మళ్ళీ గీసేది. అంగడికి వెళ్ళేటప్పుడు ఎప్పుడూ వెనకాల నడిచే మనిషి నా కుడిపక్కకు వచ్చింది. బియ్యంలో రాళ్ళు ఏరే పని నానుంచి మెల్లగా లాగేసుకుంది, నువ్వు చదువుకో పో అని. పేపరు చదివి వినిపించమని అడగడం మానేసి, ఎవరింట్లోనో విన్న కబుర్లు తనే నాకు చెప్పేది. ఇవన్నీ విడివిడిగా నాకు తెలుసు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎప్పుడూ చూడలేదు. ఆ మెట్ల మీద కాలు సరిగ్గా పడిన ప్రతిసారీ అది నా కాలి గొప్పే అనుకున్నాను.

విప్పి చూడాలి. ఒక్కసారి. కొసముడి ఒక్కటే, వదులుగానే ఉంది, గోరు పెడితే వస్తుంది. కొత్త కన్ను మీద దూది తీసి, ఆ వెండి కళ్ళను దగ్గరగా పెట్టుకుని, ఆమె ఏ కళ్ళు ఎంచిందో, పెద్దవో చిన్నవో, రెప్పలకు గీతలున్నవో లేనివో చూడాలి. చూసి మళ్ళీ కట్టేస్తాను. ఎవరికి తెలుస్తుంది. అమ్మవారికి కోపం రాదు, ఆమెకూ రాదు, వచ్చినా ఎక్కడుంది కోప్పడటానికి. గోరు ముడి మడతలోకి వెళ్ళింది. గుడ్డ కొంచెం వదిలింది. అక్కడే ఆగాను. నేను కడితే అది నా ముడి అవుతుంది. నా చేతికి సత్తువ ఉంది, గట్టిగా పడుతుంది. ఈ వదులు మళ్ళీ రాదు. ఆమె చేతిలో చివరికి ఎంత బలం మిగిలిందో ఈ లోకంలో ఇంకెక్కడా రాసి లేదు, ఈ వదులుముడిలోనే ఉంది. గోరు వెనక్కి తీసుకున్నాను. వదిలిన మడతను బొటనవేలితో మెల్లగా ఉన్నచోటికి నొక్కాను.

దూరంగా బస్సు హారను. "ఇక తెరవచ్చండి మాస్టారూ" అంది సంతోషకుమారి. "ఏటి రాయమంటారు?"

లేచి కౌంటరు దగ్గరకు వెళ్ళాను. "నూట పదహార్లు రాయమ్మా."

"అంతే ఉంటాదంటారా?"

"పెళ్ళికైనా దేవుడికైనా ఆమె చేతి మీద నూట పదహార్లే. అంతకు తగ్గించేది కాదు. పెంచే ఇల్లు కాదు మాది. మిగతా ముళ్ళలో చిల్లర ఉంది, చిన్న వెండి రేకు ఉంది. నాకు తెలిసిన నిజం ఇదే."

కలం ఆగింది. "దారిలో పోతే అంతే ఇస్తారండి మరి."

"పోతే ఎంతిచ్చినా ఒకటేనమ్మా."

ఆమె రాసింది. సంచి మూతి తనే కుట్టింది, నా వంకర కుట్ల పక్కన తిన్నటి కుట్లు. సీలు వేద్దామంటే సొరుగులో లక్క అయిపోయింది, గుండుసూదులు తప్ప ఏమీ లేవు. బయట బస్సు ఆగిన చప్పుడు. ఆమె కంగారుపడుతుంటే వెనకనుంచి సన్నే, "లక్కనా? లక్కకేం కరువు?" అంటూ బుట్టలో చెయ్యిపెట్టి కుసుమ చెట్టు కొమ్మ మీద గట్టిపడ్డ లక్క పెళ్ళను విరిచి ఇచ్చింది. కొవ్వొత్తి మంట మీద అది కరుగుతుంటే చెట్టు కాలిన వాసన, తేనె మాడిన వాసన. కత్తికి పిడి అతికించేటప్పుడు చేసినట్టే సన్నే పుల్లతో తిప్పి తిప్పి కుట్ల మీద బొట్లు బొట్లుగా దించింది. "గుర్తు వెయ్యాలండి, చల్లారిపోతాది" అంది సంతోషకుమారి. "నాణెం నొక్కకూడదు, బొత్తాం నొక్కకూడదు. మీదే అని తెలిసేది ఏదైనా." నా దగ్గర ఉన్నది ఇంటి తాళంచెవి. దాని వలయానికి కృష్ణకుమారి మెట్టె ఉంది, చేప బొమ్మది. జతలో రెండోది శిరీష దగ్గరుంది. కాబట్టి ఈ గుర్తును అక్కడ అమ్మాయి పోల్చుకుంటుంది. వేడి లక్క మీద మెట్టె పెట్టి బొటనవేలితో నొక్కాను. ఒక్కో బొట్టు మీద ఒక్కో చేప. నాకు కనబడలేదు, తడిమి చూసుకున్నాను. బొటనవేలు కొంచెం చురుక్కుమంది.

సంతోషకుమారి రుమాలుతో చేతులు తుడుచుకుని, మూటను రెండు చేతులా తీసుకుని, టపా సంచిలో వేసింది. రసీదు నా జేబులో పెట్టి జేబును ఒకసారి తట్టింది. సంచి బయటికి వెళ్ళింది. కిటికీ పలకలో ఎర్రటిదేదో అడ్డంగా కదిలి, ఊగే ఎరుపును దాటుకుని పోయింది. అది మోదుగే అయి ఉండాలి, చీరైతే బస్సు గాలికి ఎగిరి ఉండేది. "పోయింది తాతా" అంది సన్నే పక్కనుంచి. పోయింది. ఒళ్ళు ఖాళీగా ఉంది, కానీ చేతులు ఇంకా దేన్నో కప్పి ఉన్నట్టే వంగి ఉన్నాయి. పసుపు అంటింది. వాసన చూసుకున్నాను.

సాయంత్రం అమ్మాయికి ఫోను చేసి బయలుదేరిందని చెప్పాలి. చేప గుర్తు చూసి తీసుకో, ముళ్ళు మాత్రం అక్కడే, అమ్మవారి ముందే విప్పు అని చెప్పాలి. లోపల ఏముందో చెప్పను. పున్నమి నాడు గోదావరి ఒడ్డున గుండు గీసిన పిల్లను దుర్గేశ్ ఎత్తుకుని ఉంటాడు, శిరీష ఒక్కో ముడీ విప్పుతుంది, కొసముడి ముట్టుకోగానే ఊడి వస్తుంది. అక్కడినుంచే ఫోను చేస్తుంది, వెనకాల డప్పులు మోగుతుంటాయి. "నాన్నా, ఇందులో వెండి కళ్ళున్నాయి, ఎవరివి?" అని అడుగుతుంది. అప్పటికి నా దూది తీసేసి ఉంటారు. నేను వాకిట్లో, సున్నం గీతలున్న మెట్టు మీద కూర్చుని, ఎదురుగా అన్నీ చూస్తూ ఉంటాను.